ఊపిరి బరువు: క్యారవాన్‌లో తేమ లెక్కలు

రాత్రికి 1.3 లీటర్ల నీళ్లు. ఒక చిన్న క్యారవాన్‌లో నలుగురు ఎనిమిది గంటలు పడుకుంటే, వాళ్ల ఊపిరి నుంచీ ఒంటి నుంచీ ఆవిరై గాలిలో కలిసే నీరు అది. నిద్రలో పెద్ద మనిషి ఒక్కొక్కరు గంటకు సుమారు 30 నుంచి 50 గ్రాముల నీటిని ఇలా వదులుతారు. మధ్యలో 40 వేసుకుంటే నలుగురికీ గంటకు 160 గ్రాములు, తెల్లవారేసరికి 1,280.

ఇప్పుడు బండి సంగతి చూద్దాం. పొడవు 4 మీటర్లు, వెడల్పు 2, ఎత్తు 1.9 అయితే లోపల పట్టే గాలి 15 ఘనపు మీటర్లు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో ఆవిరిగా నిలవగలిగేది 17.3 గ్రాముల నీరే. అంటే బండి మొత్తానికి 260 గ్రాములు. తలుపు వేసుకునే వేళకే తేమ 60 శాతం ఉంటే అందులో 156 గ్రాములు ముందే నిండిపోయాయి. మిగిలిన జాగా 104 గ్రాములు. గంటకు 160 చొప్పున వచ్చి చేరుతుంటే ఆ జాగా నిండడానికి 40 నిమిషాలు చాలు. అన్ని కిటికీలూ బిగించుకుని పడుకుంటే ఆ తర్వాతి ఏడు గంటల ఊపిరీ అద్దాల మీదికి, అల్యూమినియం పట్టీల మీదికి, పరుపు కింది ప్లైవుడ్‌లోకి వెళ్తుంది. పొద్దున దుప్పటి చల్లగా, ముక్కిన వాసనతో తగిలేది అందుకే. వాన కురిసిందో, పైకప్పు కారిందో అని చాలామంది పైకి చూస్తారు. ఆ నీళ్లు వాళ్లవే.

మొన్నమొన్నటి దాకా తెలుగువాళ్లకు క్యారవాన్ అంటే సినిమా షూటింగుల్లో నటీనటులు కూర్చునే బండి. ఇప్పుడు కుటుంబాలు అద్దెకు తీసుకుని బయల్దేరుతున్నాయి. మహారాష్ట్ర, కేరళ ప్రభుత్వాలు రెండూ 2021లోనే క్యారవాన్ పర్యాటక విధానాలు తెచ్చాయి. మన దగ్గర కారు వెనక తగిలించుకునే ట్రైలర్ల కంటే ఇంజను బండి మీదే గది కట్టినవి ఎక్కువ. తేమ లెక్క మాత్రం రెండింటికీ ఒకటే. చిక్కంతా సలహాల దగ్గర వస్తోంది. ఈ బండ్లలో తేమ గురించి దొరికే పుస్తకాలూ వీడియోలూ దాదాపు అన్నీ చలిదేశాల్లో పుట్టినవి. ఏడాది పొడవునా వాటిదొకటే మాట: కిటికీ తెరవండి. ఆ మాట మన నేల మీద ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో తెలియాలంటే మూడు కాలాలూ గట్టిగా ఉండే ఊరు కావాలి. నేను ఇస్లాపూర్‌ను ఎంచుకున్నాను.

నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలోని ఈ ఊరు ఒకప్పుడు మన ఆదిలాబాద్‌దే. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్, దాంతోపాటు కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. దగ్గర్లోనే పైన్‌గంగ మీద సహస్రకుండ్ జలపాతం; నదికి ఒక ఒడ్డు నాందేడ్, అవతలి ఒడ్డు యవత్మాల్. వానాకాలంలో గాలే తడిబట్టలా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ వైపు ఉన్నట్టే రాత్రి ఇగం పడుతుంది. మే నెలలో ఎండ 40 దాటుతుంది. ఒకే బండిని ఈ మూడు కాలాల్లో అక్కడ నిలిపితే ఏమవుతుందో లెక్కగట్టి చూద్దాం. ఇక్కడ నేను వాడే ఉష్ణోగ్రతలు ఏదో ఒక తేదీన నమోదైనవి కావు. ఆ కాలానికి తగినట్టు ఉదాహరణకు తీసుకున్నవి.

శాతం చూసి మోసపోవద్దు

వేసవిలో చల్లటి నీళ్లు పోసిన స్టీలు చెంబు బయట చెమర్చినట్టే బండి అద్దం లోపల చెమరుస్తుంది. చల్లబడే కొద్దీ గాలిలో ఆవిరికి జాగా తగ్గిపోతుంది. ఘనపు మీటరుకు 30 డిగ్రీల దగ్గర 30.4 గ్రాములు, 20 దగ్గర 17.3, 10 దగ్గర 9.4, 5 దగ్గర 6.8. ఉన్న ఆవిరికి జాగా సరిగ్గా నిండిపోయే ఉష్ణోగ్రతను తుషార బిందువు అంటారు. దానికంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు చేరుతుంది. అంతకంటే వెచ్చగా ఉన్నది పొడిగా ఉంటుంది.

దీన్ని నోటి లెక్కతో తేల్చుకోవచ్చు. 100 లోంచి తేమ శాతం తీసేయండి. మిగిలినదాన్ని 5తో భాగించండి. వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రత లోంచి తీసేయండి. 20 డిగ్రీలు, 60 శాతం అయితే తుషార బిందువు 12. అదే 70 శాతం అయితే 14. తేమ 50 శాతానికి పైన ఉన్నప్పుడే ఈ లెక్క నమ్మదగింది. పొడి గాలికి పనికిరాదు. కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న డిజిటల్ మీటరు ఉష్ణోగ్రతనూ తేమ శాతాన్నీ రెండింటినీ చూపిస్తుంది. క్యారవాన్ కోసం కొనే వస్తువుల్లో అంత చవకగా అంత మేలు చేసేది ఇంకోటి లేదని నా నమ్మకం.

ఒక్క తేమ శాతాన్నే చూస్తే ఎందుకు పొరబడతామో చూడండి. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 18 శాతం. డిసెంబరు వేకువ 10 డిగ్రీలు, తేమ 90 శాతం. ఏ గాలిలో నీళ్లు ఎక్కువ? మే గాలిలో ఘనపు మీటరుకు 10 గ్రాములకు కొంచెం పైన, డిసెంబరు గాలిలో ఎనిమిదిన్నర. పెదాలు పగిలే ఎండలో నీళ్లు ఎక్కువ ఉన్నాయి, మంచు దిగిన వేకువలో తక్కువ ఉన్నాయి. 90 శాతం అని చూసి డిసెంబరులో కిటికీ మూసేవాళ్లు పొడి గాలిని బయటే నిలబెట్టి తడి గాలిని లోపల దాచుకుంటున్నారు.

డిసెంబరు రాత్రి

సహస్రకుండ్ దగ్గర బండి ఆపారు. బయట 10 డిగ్రీలు, తేమ 80 శాతం. లోపల హీటరు పెట్టి 20 డిగ్రీలు ఉంచారు. ఇప్పుడు బండిలో ఏ భాగం ఎంత చల్లగా ఉంటుంది? ఒంటి పొర అద్దం లోపలి ముఖం సుమారు 12.6 డిగ్రీలు. వెనక ఏ పొరా లేకుండా ఉత్త రేకు ఉన్న చోటా, లోపలి నుంచి బయటి దాకా సాగిన అల్యూమినియం పట్టీ మీదా దాదాపు అంతే. రెండు పొరల యాక్రిలిక్ కిటికీ అయితే 16కు పైన. 25 మిల్లీమీటర్ల థర్మాకోల్ పొదిగిన గోడ 18.5. లోపలి తేమ 60 శాతం దగ్గర ఉన్నంతసేపు, అంటే తుషార బిందువు 12గా ఉన్నప్పుడు, అద్దం వెంట్రుకవాసిలో తప్పించుకుంటుంది. 70 శాతానికి చేరగానే తుషార బిందువు 14 దాటుతుంది. అద్దమూ పట్టీలూ తడుస్తాయి. యాక్రిలిక్ కిటికీ, పొదిగిన గోడ పొడిగానే ఉంటాయి. మబ్బు లేని రాత్రి పైకప్పు రేకు ఆకాశానికి వేడిని వదిలేస్తూ బయటి గాలి కంటే కూడా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. పైకప్పుకు పొర సరిగా లేని బండిలో మొదటి చుక్క నడినెత్తిన పడడానికి కారణం ఇదే.

ఇక గాలి ఎంత కావాలి? 12.6 డిగ్రీల అద్దం తడవకూడదంటే లోపలి గాలిలో నీరు 11 గ్రాములు దాటకూడదు. బయటి గాలిలో ఉన్నది ఏడున్నర. కాబట్టి లోపలికి వచ్చి బయటికి వెళ్లే ప్రతి ఘనపు మీటరు మూడున్నర గ్రాముల నీటిని మోసుకుపోతుంది. గంటకు 160 గ్రాములు పోవాలంటే 46 ఘనపు మీటర్లు కావాలి, అంటే గంటకు మూడుసార్లు బండిలో గాలి మారాలి. కింద ఒక సందు, పైకప్పులో ఒక వెంట్, అక్కడ 12 వోల్టుల చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఇది సులువుగా జరిగిపోతుంది. వెచ్చని గాలి తేలికై పైకి పోతుంది కాబట్టి రెండూ పైనే పెట్టి లాభం లేదు. హీటరు లేకుండా లోపల 14 డిగ్రీలే ఉంటే అద్దం 11కు దిగుతుంది, అవసరమైన గాలి 64 ఘనపు మీటర్లకు పెరుగుతుంది. చలిగా ఉందని వెంట్ మూసే చేయి ఆ రాత్రి ఇంకాస్త తెరవాలన్నమాట.

చలి లోపలికొస్తుంది కదా అనే భయం సహజమే. దాన్నీ లెక్కగడదాం. 46 ఘనపు మీటర్ల గాలిని 10 డిగ్రీల నుంచి 20కి వేడి చేయడానికి పట్టేది 156 వాట్లు. అదే సమయంలో గోడలు, నేల, పైకప్పు, అద్దాల గుండా పోయే వేడి, ఈ కొలతల బండికి, థర్మాకోల్ పొర ఉన్నా సరే, 550 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. వెంట్‌లన్నీ మూసినా ఆదా అయ్యేది మొత్తం నష్టంలో ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ. దాని కోసం లీటరుంపావు నీళ్లను పరుపుల్లోకి ఇంకించుకోవడం నష్టపు బేరం. వేడి నిలవాలంటే అద్దాల మీద రాత్రి పూట రేకు పొర ఉన్న ఫోమ్ షీట్లు అతికించుకోవడం మేలు. అయితే ఒక మెలిక ఉంది. షీటు లోపలి వైపు వదులుగా పెడితే గాలి దాని వెనక్కి చేరి, ఇంకా చల్లబడిన అద్దం మీద ఇంకా ఎక్కువ నీరు పడుతుంది. అంచులు బిగుతుగా ఉండాలి, లేదా షీటును బయటి వైపు తొడగాలి.

ఊపిరి ఒక్కటే కాదు. గ్యాస్ కాలితే నీరు పుడుతుంది, ఇది చాలామంది తలపుకే రాదు. మన వంట గ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. కిలో కాలితే ఒకటిన్నర కిలోకు పైగా నీటి ఆవిరి వస్తుంది. 2 కిలోవాట్ల బర్నరు గంటసేపు వెలిగితే 250 గ్రాముల దాకా, అన్నం గిన్నెలోంచి లేచే ఆవిరి కాక. పొగ బయటికి పోయే గొట్టం లేని గ్యాస్ హీటరు 1 కిలోవాట్ దగ్గర నడిస్తే గంటకు 125 గ్రాములు. ముగ్గురు మనుషులు అదనంగా వచ్చి పడుకున్నట్టు. వెచ్చదనం కోసం పెట్టుకున్నదే అద్దాన్ని తడుపుతుంది. అమెరికాలో ట్రైలర్లు కొనుక్కుని తిరిగే మనవాళ్లు గొట్టం ఉన్న ఫర్నేసులు వాడతారు. వాటిలో మంట గాలి వేరు, గది గాలి వేరు, పుట్టిన నీరంతా బయటికే.

ఇక్కడ తేమ కంటే పెద్ద మాట ఒకటి చెప్పాలి. మూసిన బండిలో గ్యాస్ మంటతో గాని, కుంపటితో గాని చలి కాచుకోకండి. ఏ రాత్రీ వద్దు, పది నిమిషాలు కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు; నిద్రలో ఉన్నవాళ్లను లేవనివ్వదు. యూరప్‌లో ఈ బండ్లకు ఈఎన్ 721 అని ప్రత్యేకంగా ఒక గాలి ప్రమాణమే ఉంది, ఎప్పుడూ తెరిచి ఉండే గాలి దారులు ఉండాలని అది చెబుతుంది. కొందరు చలికి వాటిలో గుడ్డలు కుక్కుతారు. అద్దెకు తీసుకున్న బండిలో అలాంటివి కనిపిస్తే ముందు ఆ గుడ్డలు పీకేయండి.

ముసురులో లెక్క తలకిందులు

జలపాతం నిండుగా దూకేది వానల్లోనే కాబట్టి జనం ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. ఆగస్టు రాత్రి, ముసురు, బయట 26 డిగ్రీలు, 92 శాతం. ఘనపు మీటరులో 22.4 గ్రాముల నీరు. తుషార బిందువు 24.4. ఇప్పుడు బయటి గాలి దేన్నీ ఆరబెట్టదు. దాని దగ్గర మిగిలిన జాగా 2 గ్రాములు మాత్రమే.

ఏసీ లేకపోతే దారి ఒకటే. కిటికీలు తెరిచి, ఫ్యాను జోరుగా తిప్పి, మనుషుల తేమ కుప్పపడకుండా చూసుకోవడం. అద్దాలు పెద్దగా చెమర్చవు, ఎందుకంటే లోపలా బయటా ఇంచుమించు ఒకే వెచ్చదనం. ఈ కాలంలో అసలు శత్రువు బూజు. ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. పిండిన తువ్వాళ్లు, తడి బట్టలు లోపల ఆరేయకూడదు. నాలుగు తువ్వాళ్లలోంచి సులువుగా కిలో నీరు గాలిలో కలుస్తుంది. బండి బయట పందిరి గుడ్డ కిందే వాటి చోటు.

ఏసీ వేస్తే చలిదేశపు సలహా పూర్తిగా తిరగబడుతుంది. గదిని 20 డిగ్రీలకు దింపారనుకోండి. 24.4 కంటే చల్లగా ఉన్న ప్రతిదాని మీదా బయటి గాలి తగిలితే నీరు పడుతుంది. తలుపు సందులోంచి చొరబడిన గాలి పక్కనున్న చల్లని పట్టీ మీద నీళ్లవుతుంది. గోడ పొరల్లోకి దూరిన గాలి కనిపించని చోట నీళ్లవుతుంది. అద్దం ఈసారి బయటి వైపు చెమరుస్తుంది, దానికి భయం లేదు. అందుకని కిటికీలు మూసి, ఊపిరికి సరిపడా చిన్న దారి మాత్రం ఉంచి, 25 డిగ్రీల దగ్గర నడపడం మంచిది. గంటకు ఒక బండెడు గాలి లోపలికొస్తే దాంతో 150 గ్రాముల దాకా, మనుషుల నుంచి 160, కలిపి ఎనిమిది గంటలకు రెండున్నర లీటర్లు. ఆ నీరంతా ఏసీ డ్రెయిన్ పైపులోంచి బయటికి పడాలి. బండి ఏటవాలుగా నిలిచి పైపు ఎదురెక్కితే అది లోపలికే వస్తుంది. మరో సంగతి, ఏసీ ఫ్యానును ఆటోలో పెట్టాలి. కంప్రెసరు ఆగాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటే కాయిల్ మీది తడి మళ్లీ ఆవిరై గదిలోకే చేరుతుంది.

బండి కట్టించుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. చలిదేశాల్లో ఆవిరి లోపలి నుంచి గోడలోకి వెళ్తుంది కాబట్టి ఆవిరి చొరని పొరను లోపలి వైపు వేస్తారు. మన వానల్లో, ఏసీ నడుస్తుంటే, ఆవిరి బయటి నుంచి లోపలికి తోసుకొస్తుంది. అప్పుడు లోపలి వినైల్ షీటు వెనకే అది ఆగి నీరై, ప్లైవుడ్‌ను నానబెడుతుంది. రెండు కాలాలకూ తట్టుకునేది ఖాళీ లేకుండా రెండు వైపులా అతికించిన క్లోజ్డ్ సెల్ (లోపలి బుడగలన్నీ మూసుకుని ఉండే) ఫోమే. దూది లాంటి మెత్తని పొరలు మన వాతావరణానికి నప్పవు.

మందుల షాపు పొట్లాలతో పని కాదు

మాత్రల డబ్బాల్లో కనిపించే సిలికా జెల్‌నే సంచుల్లో పోసి బండ్ల కోసమూ అమ్ముతున్నారు. అది తన బరువులో 30, 40 శాతం నీటిని పట్టుకుంటుంది. రాత్రికి 1.3 లీటర్లంటే మూడు నాలుగు కిలోల జెల్ కావాలి, పొద్దున దాన్ని వేడి చేసి ఆరబెట్టాలి. గిన్నెలో ఉప్పో బియ్యమో పెట్టడం దీనికంటే బలహీనం. కాల్షియం క్లోరైడ్ డబ్బాలు వారాల తరబడి మూసి ఉంచిన బండికి పనికొస్తాయి, మనుషులున్న బండికి కాదు. అరచేతిలో పట్టే చిన్న డీహ్యుమిడిఫయర్లు రోజుకు 250, 300 మిల్లీలీటర్లు తీస్తామని చెప్పుకుంటాయి. నలుగురు రెండు గంటల్లో అంతకంటే ఎక్కువ వదులుతారు. కంప్రెసరు ఉన్న పెద్దది పని చేస్తుంది, కాని 200 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 1.6 యూనిట్లు తాగుతుంది. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిండా ఉన్నా 1.2 యూనిట్లే.

డబ్బు పెట్టదలిస్తే పరుపు కింద పెట్టండి. ఒంటి తేమలో కొంత కిందికి దిగి, చల్లని ప్లైవుడ్ తగలగానే నీరవుతుంది. పరుపును ఎత్తి చూసేదాకా ఎవరికీ తెలియదు. చెక్క బద్దీల మీదో, గాలి ఆడే మందపాటి జాలీ మీదో పరుపు వేసి కింద రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉంచితే చాలావరకు తీరిపోతుంది.

మే నెలలో మన ఇళ్లలో తిరిగే కూలరు బండిలోనూ వాడొచ్చు, ఎదురు కిటికీ బార్లా తెరిచి ఉంటేనే. కూలరు గంటకు కొన్ని లీటర్ల నీటిని గాలిలో కలుపుతుంది. ఆ గాలి పోయే దారి లేకపోతే అరగంటలో చల్లదనం పోయి ఉక్కపోత మిగులుతుంది. అయితే ఆ ఎండనే వాడుకోవాలని నేను గట్టిగా చెబుతాను. 42 డిగ్రీలు, 18 శాతం దగ్గర ప్రతి ఘనపు మీటరు గాలిలో ఇంకా 46 గ్రాముల నీటికి జాగా ఉంది. ఏ యంత్రమూ ఇవ్వనంత ఆరబెట్టే శక్తి అది. వానలకు ముందు వారం రోజులు పరుపులు బయటికి తీసి, అలమరలు, నేల కింది పెట్టెలు తెరిచి బండిని ఎండబెడితే ఏడాదంతా చేరిన తడి వెళ్లిపోతుంది.

అప్పుడే ఇంకో పరీక్ష కూడా చేయాలి. గోడ మీద మచ్చ ఉందంటే అది ఊపిరి తేమా, వాన కారడమా తేల్చుకోకుండా సిలికాన్ పూయడం దండగ. మచ్చ ఉన్న చోటును తుడిచి ఆరనిచ్చి, జానెడు పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. మనవైపు ముఖం మీద చుక్కలు చేరితే అది గదిలోని ఆవిరి. ప్లాస్టిక్‌కూ గోడకూ మధ్య తడి కనిపిస్తే నీరు గోడలోంచే వస్తోంది. పైకప్పు అతుకులు, వెంట్ చుట్టూ ఉన్న రబ్బరు, కిటికీ పై అంచు, ఈ వరసలో వెతకాలి. తలుపు గడప దగ్గరి నేల ప్లైవుడ్‌ను చెక్క తేమ మీటరుతో కూడా చూడండి. ఎండలో వారం ఆరాక కూడా అది 20 శాతానికి పైన చూపిస్తే పుచ్చు మొదలయ్యే చోటు అదే. జూన్‌లో వానలు దిగేలోగా ఆ పలక తీయించి కొత్తది వేయించాకే సహస్రకుండ్ ప్రయాణం పెట్టుకోండి.